పన్నెండు రోజులా, ఆరు నెలలా, రెండేళ్ళా? విదేశీ మిషన్ ట్రిప్ ఎంచుకునే ముందు

పోయిన వేసవిలో ఒక రోజు సాయంత్రం కూడిక అయ్యాక మా సంఘంలోని ఒక అబ్బాయి ఇంటికి వచ్చాడు. ఎలక్ట్రికల్‌లో బీటెక్ పూర్తిచేశాడు, ఉద్యోగంలో చేరడానికి ఇంకా టైముంది. చేతిలో మూడు కాగితాలు ఉన్నాయి. ఒకటి మా యూత్ వెళ్ళే పన్నెండు రోజుల నేపాల్ ట్రిప్‌ది. రెండోది ఐదారు నెలల శిష్యత్వ శిక్షణది. మూడోది ఓడ మీద రెండేళ్ళ సేవకు సంబంధించినది. "మూడూ మంచివే అనిపిస్తున్నాయి ఆంటీ. మూడింటి గురించీ ప్రార్థన చేస్తున్నాను. ఏది ఎంచుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది" అన్నాడు.

నేను ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మా సంఘం మిషన్ కమిటీలో ఉన్నాను. టీమ్‌లతో మూడుసార్లు నేపాల్ వెళ్ళాను. ఒకసారి కువైట్‌లో తెలుగు సంఘంతో రెండు వారాలు గడిపాను. నేను చూడని చోట్లకు వెళ్ళొచ్చిన మా పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని అన్నీ అడిగి తెలుసుకున్నాను. ఆ రాత్రి ఆ అబ్బాయికి చెప్పిన మాటలే ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను.

ముప్పై ఒకటో రోజు

నా మొదటి నేపాల్ ట్రిప్‌లో కొండ మీది ఒక ఊళ్ళో రెండు రోజులు మెడికల్ క్యాంపు పెట్టాం. తెల్లవారకముందే జనం వరసలో నిలబడ్డారు. ఒక ముసలమ్మకు బీపీ చూస్తే 190 మీద ఉంది. ఇంతకుముందు ఎవరూ చూడలేదంది. నెలకు సరిపడా మాత్రలు కవర్లో పెట్టి ఇచ్చాం. రోజుకొకటి వేసుకోమని చేతి సైగలతో చెప్పాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. తిరిగొచ్చాక సంఘంలో సాక్ష్యం చెబితే అందరూ చప్పట్లు కొట్టారు.

రెండు నెలల తర్వాత అక్కడి పాస్టర్ గారు ఫోన్ చేశారు. మాత్రలు అయిపోయాయట. అవే కావాలని ఆమె అడుగుతోందట. కవరు మీద మందు పేరు రాసి లేదు. దగ్గర్లో కొనే చోటు లేదు. బీపీ మందు మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తే ఏమవుతుందో ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసిన నాకు బాగా తెలుసు. తెలిసి కూడా ముప్పై ఒకటో రోజున ఆమెకు మాత్ర ఎవరిస్తారని నేను ఆలోచించలేదు. ఆ ఫోన్ వచ్చిన రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి ఏ ట్రిప్ గురించి ఎవరు సలహా అడిగినా ముందు రెండు ప్రశ్నలు వేస్తున్నాను. అక్కడ మిమ్మల్ని పిలిచింది ఎవరు? మీరు వచ్చేశాక ఆ పని ఎవరి చేతుల్లో ఉంటుంది? ఈ రెండింటికీ పేరు పెట్టి జవాబు చెప్పగలిగితే ఆ ట్రిప్ గురించి ముందుకు ఆలోచించవచ్చు. "దేవుడే పిలిచాడు" అన్న మాటను నేను తక్కువ చేయడం లేదు. కానీ పౌలుకు దర్శనంలో కనబడినవాడు కూడా మాసిదోనియ మనిషే, వచ్చి మాకు సహాయం చేయమని అడిగినవాడే.

మన తెలుగు నేలతో ముడిపడిన ఒక మనిషి ఈ మాటను వందేళ్ళ క్రితమే లోకం ముందు చెప్పాడు. వి.ఎస్. అజరయ్య గారు తిరునల్వేలి ప్రాంతం నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, దోర్నకల్‌లో సేవ చేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో పాశ్చాత్య మిషనరీల ఎదుట నిలబడి, మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. అప్పుడు అడిగే వైపు మనం ఉన్నాం. ఇప్పుడు బ్యాగులు సర్దుకుని వెళ్ళే వైపు ఉన్నాం. అందుకే ఆ మాట మనకే ఎక్కువ గుర్తుండాలి.

సంఘం టీమ్‌తో నేపాల్: పది నుంచి పదిహేను రోజులు

తెలుగువాళ్ళకు మొదటి విదేశీ మిషన్ ట్రిప్‌గా నేపాల్ అన్నిటికంటే అందుబాటులో ఉంటుంది. వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. పదిహేను నుంచి అరవై ఐదేళ్ళ మధ్య వయసువాళ్ళకు ఆధార్ ఒక్కటే ఉంటే సరిపోదు, ఈ విషయం తెలియక ఇబ్బంది పడేవాళ్ళు ప్రతి సంవత్సరం ఉంటారు. మన వైపు నుంచి రైల్లో గోరఖ్‌పూర్ వెళ్ళి సునౌలీ దగ్గర సరిహద్దు దాటవచ్చు, లేదా బిహార్‌లోని రక్సౌల్ మీదుగా వెళ్ళవచ్చు. మన వంద రూపాయలు అక్కడ 160 రూపాయలు. విమానం టికెట్ అక్కర్లేదు కాబట్టి మధ్యతరగతి ఇంటి పిల్లలు కూడా వెళ్ళగలుగుతారు. ఖర్చు విషయంలో మిగతా ఏ దేశమూ దీనికి సాటిరాదు.

సమయం మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. మన కాలేజీ సెలవులు మే, జూన్‌లలో వస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానలు, కొండచరియలు విరిగిపడి రోడ్లు మూసుకుపోతాయి. అక్టోబరు, నవంబరు లేదా మార్చి, ఏప్రిల్ మంచివి. అయితే అక్టోబరు ప్రాంతంలో దశైన్, తీహార్ పండుగలు వస్తాయి, బస్సులన్నీ కిక్కిరిసి ఉంటాయి. ఇంకో విషయం, అక్కడ ఆరాధన ఆదివారం కాదు, శనివారం. వారాంతపు సెలవు ఆ రోజే. 2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చింది శనివారం మధ్యాహ్నానికి కాస్త ముందు. చాలా సంఘాలు అప్పుడు ఆరాధనలో ఉన్నాయి. ఆ రోజు గురించి అక్కడి విశ్వాసులు చెబుతుంటే మీరు నోరు మూసుకుని వినండి, మీ సాక్ష్యం తర్వాత చెప్పవచ్చు.

ఇక చట్టం. దీన్ని తేలిగ్గా తీసుకునే టీమ్ లీడరుతో మీ పిల్లల్ని పంపవద్దు. 2015 రాజ్యాంగంలోనే నేపాల్ మతమార్పిడిని నిషేధించింది. 2018 ఆగస్టులో అమల్లోకి వచ్చిన క్రిమినల్ కోడ్ ప్రకారం ఒకరిని మతం మార్చినా, అందుకు ప్రయత్నించినా ఐదేళ్ళ దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. విదేశీయులైతే శిక్ష తర్వాత దేశం నుంచి పంపించేస్తారు. బస్టాండులో కరపత్రాలు పంచి, ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టే ధైర్యం మన పిల్లల్లో ఉంటుంది. కానీ మీరు రైలెక్కి వచ్చేశాక పోలీసులు వెళ్ళేది ఆ ఊరి పాస్టర్ గారి ఇంటికి. మా రెండో ట్రిప్‌లో ఒక తమ్ముడు పెట్టిన ఒక్క వీడియో వల్ల అక్కడి పాస్టర్ గారు మూడు రోజులు స్టేషన్ చుట్టూ తిరిగారు. ఆయన భార్య మాకు అన్నం వడ్డిస్తూనే ఉంది, ఒక్క మాట కూడా అనలేదు. అప్పటి నుంచి మా టీమ్‌కు ఒక నియమం పెట్టాం. తిరిగొచ్చే వరకు ఎవరూ ఫోటోలు పెట్టకూడదు. తిరిగొచ్చాక కూడా అక్కడి పాస్టర్ గారు సరేనన్నవే పెట్టాలి.

అలాంటప్పుడు అక్కడ చేయగలిగిందేముంది అని అడుగుతారు. చాలా ఉంది. అక్కడి సంఘం యువకులతో కలిసి కట్టెలు కొట్టవచ్చు, నీళ్ళు మోయవచ్చు, సండే స్కూల్ టీచర్లకు పాటలు, బొమ్మలు నేర్పవచ్చు. కంప్యూటర్ తెలిసినవాళ్ళు సంఘం లెక్కలు రాసుకోవడం నేర్పవచ్చు. మూడిళ్ళకు వెళ్ళి టీ తాగి రోగి పక్కన కూర్చోవచ్చు. ఊళ్ళో యువకులకు హిందీ అర్థమవుతుంది కాబట్టి వాళ్ళతో మాట్లాడవచ్చు. ముసలివాళ్ళకు అది కూడా రాదు, అందుకని "జయ్ మసీహ్" అన్న పలకరింపుతో పాటు ఒక యాభై నేపాలీ మాటలైనా నేర్చుకుని వెళ్ళండి. వాళ్ళ భాషలో మీరు తడబడుతూ పలికే మాట మీరు తెచ్చిన బహుమతుల కంటే వాళ్ళకు ఎక్కువ నచ్చుతుంది.

ఈ ట్రిప్ ఎవరికి? మొదటిసారి వెళ్ళేవాళ్ళకు, రెండు వారాలకు మించి సెలవు దొరకనివాళ్ళకు, ఖర్చు ఎక్కువ పెట్టలేనివాళ్ళకు. ఒక షరతు ఉంది. మీ సంఘం ప్రతి సంవత్సరం అదే ఊరికి వెళ్తుండాలి. ఈ ఏడాది నేపాల్, వచ్చే ఏడాది శ్రీలంక, ఆపై ఏడాది కెన్యా అని దేశాలు మార్చే సంఘంతో వెళ్ళవద్దని నా సలహా. పేర్లు గుర్తుండని చోట స్నేహం కుదరదు.

చేతిలో పని ఉన్నవాళ్ళకు

డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫిజియోథెరపిస్టులు, ఎలక్ట్రీషియన్లు, మెకానిక్కులు సంఘం టీమ్‌లో జనరల్ సేవకు వెళ్ళడం కంటే అప్పటికే నడుస్తున్న ఆసుపత్రికి వెళ్ళడం మేలు. నా బీపీ మాత్రల కథలో లోపం ఇదే. మేం ఒక ఊరికి వెళ్ళాం, ఆసుపత్రికి వెళ్ళలేదు. ఆసుపత్రి ఉంటే ముప్పై ఒకటో రోజున కూడా అక్కడ ఒక నర్సు ఉంటుంది.

నేపాల్‌లో 1954లో మొదలైన యునైటెడ్ మిషన్ టు నేపాల్‌కు తాన్సేన్‌లో ఆసుపత్రి ఉంది. 1952లో పోఖరాలో మొదలైన ఇంటర్నేషనల్ నేపాల్ ఫెలోషిప్ కుష్ఠు రోగుల కోసం గ్రీన్ పాశ్చర్స్ ఆసుపత్రిని కట్టింది. ఇవి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, ఆ నియమాల ప్రకారం పనిచేసే సంస్థలు. అక్కడ మీరు ప్రసంగాలు చేయరు, గాయం కడతారు. ప్రసంగించనివ్వకపోతే అది మిషన్ ఎలా అవుతుందని మీ మనసు అడిగితే, కుష్ఠు రోగి కాలి పుండును రోజూ కడిగే నర్సు దగ్గర ఒక వారం నిలబడి చూడండి. విదేశీ డాక్టరు, నర్సు ఎవరైనా అక్కడి కౌన్సిల్ దగ్గర తాత్కాలిక రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. దానికి సర్టిఫికెట్లు చాలా ముందుగా పంపాలి. "అదేం అక్కర్లేదు, మేం చూసుకుంటాం" అనే సంస్థతో వెళ్ళవద్దు.

ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. ఉగాండాలోని జింజాలో వైద్య శిక్షణ లేని ఒక విదేశీ మిషనరీ పోషకాహార కేంద్రం నడిపింది. తమ పిల్లలు అక్కడ చనిపోయారని 2019లో తల్లులు కోర్టుకెక్కారు. మరుసటి ఏడాది, తప్పు ఒప్పుకోకుండానే, ఆ కేసు రాజీతో ముగిసింది. ప్రేమ ఉండి శిక్షణ లేకపోతే జరిగే నష్టాన్ని మోసేది ఆ తల్లులే. మన దగ్గర చేయడానికి మీకు లైసెన్సు లేని పని ఇంకో దేశంలో కూడా చేయకూడదు. ఇంజెక్షన్ ఇవ్వడం రాని యూత్ చేత క్యాంపులో బీపీ చూపించి "నర్స్" అని బ్యాడ్జి పెట్టడం నేను కళ్ళారా చూశాను. దాన్ని సేవ అనలేను.

పెద్ద స్థాయిలో చూస్తే, ఓడల మీద ఆసుపత్రులు నడిపే మెర్సీ షిప్స్ అనే సంస్థ ఉంది. 1978లో మొదలైంది. గ్లోబల్ మెర్సీ అనే వాళ్ళ ఓడలో ఆరు ఆపరేషన్ థియేటర్లున్నాయి. 2023 నుంచి సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్ రేవులో సేవ చేసింది. గ్రహణమొర్రి, కాలిన గాయాల వల్ల ముడుచుకుపోయిన చేతులు, గడ్డలు, కంటి శుక్లాలు లాంటివాటికి ఆపరేషన్లు చేస్తారు. వంటవాళ్ళు, ఎలక్ట్రీషియన్లు, టీచర్లు కూడా వాళ్ళకు కావాలి. జీతం ఉండదు, పైగా మీ బస, భోజనం ఖర్చు మీరే కట్టుకోవాలి. ఇంగ్లీషు బాగా రావాలి. కొన్ని పనులకు కొన్ని వారాలు చాలు, చాలా పనులకు నెలల తరబడి ఉండాలి. ఆఫ్రికాలో చాలా దేశాలకు వెళ్ళడానికి ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెడతారు. హైదరాబాదులో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఈ టీకా వేస్తారు. టీకా కార్డు ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది, కాబట్టి జాగ్రత్తగా దాచుకోండి.

నర్సింగ్ పూర్తిచేసిన పిల్లలు విదేశం గురించి అడిగితే నేను ముందు రక్సౌల్ పేరు చెబుతాను. అక్కడ 1930లో మొదలైన డంకన్ హాస్పిటల్ సరిహద్దుకు ఇవతల ఉంది. నేపాల్ వైపు నుంచి కూడా రోగులు వస్తారు. పాస్‌పోర్టు లేకుండా, విదేశీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గొడవ లేకుండా ఒక నెల సేవ చేయవచ్చు. విదేశం అనే మాట పక్కన పెట్టి అవసరం ఎక్కడుందో చూసేవాళ్ళకు ఇది చాలా మంచి మొదలు.

శిక్షణ స్కూళ్ళు, ఓడలు

1960లో లోరెన్ కన్నింగ్‌హామ్ మొదలుపెట్టిన వైవామ్ (యూత్ విత్ ఎ మిషన్) అనే సంస్థలో డీటీఎస్ అనే శిష్యత్వ శిక్షణ ఉంటుంది. సుమారు మూడు నెలలు పాఠాలు, ఆ తర్వాత రెండు మూడు నెలలు బయటికి వెళ్ళి సేవ. మన దేశంలోనే చాలా చోట్ల సెంటర్లున్నాయి. ఇందులో ఎక్కువ మార్పు మీలోనే వస్తుంది, మీరు వెళ్ళిన చోట కాదు. ఇది తప్పు కాదు, ముందే తెలిసి వెళ్ళాలంతే. డిగ్రీ అయిపోయి, జీవితం ఎటు వెళ్ళాలో తేల్చుకోలేని పిల్లలకు ఆరు నెలల క్రమశిక్షణ, వేకువ ప్రార్థన, పదిమందితో ఒకే గదిలో సర్దుకుపోవడం బాగా పనికొస్తాయి. ఎడ్యుకేషన్ లోన్ కిస్తీలు మొదలవుతున్నవాళ్ళు, ఇంట్లో సంపాదించేవాళ్ళు లేనివాళ్ళు మాత్రం ఆగాలి. తల్లి చీటీ కట్టిన డబ్బుతో ఫీజు కట్టి వెళ్ళిన పిల్లవాడు అక్కడ ఏం ప్రార్థన చేస్తాడు? ఇంటి అప్పు తీర్చడం కూడా దేవుని పనే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఓడ మీద సేవ అనగానే అందరికీ లోగోస్ హోప్ గుర్తొస్తుంది. ఆ ఓడ జార్జ్ వెర్వర్ మొదలుపెట్టిన ఆపరేషన్ మొబిలైజేషన్ అనే మిషన్ సంస్థది. వాళ్ళ మొట్టమొదటి ఓడ లోగోస్ 1971లో లండన్ నుంచి బయలుదేరి వచ్చింది మన దేశానికే. లోగోస్ హోప్ రేవు రేవుకూ పుస్తకాలతో వెళ్తుంది, పదుల దేశాల వాళ్ళు కలిసి బతుకుతారు. పూర్తిస్థాయి సేవకు ఏడాది, రెండేళ్ళు ఇవ్వాలి, కొన్ని నెలల ప్రోగ్రాములూ ఉన్నాయి. వెళ్ళేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. మీ రోజులో ఎక్కువ భాగం వంటగదిలో గిన్నెలు తోమడం, డెక్ తుడవడం, ఇంజను గదిలో చెమటలు కార్చడం. స్టేజి మీద నిలబడే రోజులు తక్కువ. మా సంఘం నుంచి వెళ్ళిన ఒక అమ్మాయి ఏడాదిపాటు లాండ్రీలో పనిచేసింది. ఆ ఏడాదే తనను నిలబెట్టిందని ఇప్పటికీ చెబుతుంది. బట్టలు ఉతకడానికి సిద్ధపడితే వెళ్ళండి.

గల్ఫ్‌లోని మనవాళ్ళు

దీన్ని మిషన్ ట్రిప్ లెక్కలో వేయనివాళ్ళే ఎక్కువ. నా దృష్టిలో మనకు నిజంగా పిలుపు ఉన్న చోటు ఇదే. ఇది కొత్తదేమీ కాదు. 1903లోనే నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపారు. అక్కడి చెరకు తోటల్లో కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళ కోసం ఆయన ఆ సంవత్సరమే కియర్స్‌నీలో సంఘం స్థాపించారు. చెరకు తోటల బదులు ఇప్పుడు కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్ళల్లో, కన్‌స్ట్రక్షన్ సైట్లలో గోదావరి జిల్లాల, కడప జిల్లా మనుషులున్నారు.

భాష నేర్చుకోనక్కర్లేదు, వాళ్ళ మనసు మీకు తెలుసు. కానీ చేసే పని వేరుగా ఉండాలి. ఆరాధన అక్కడి ప్రభుత్వాలు అనుమతించిన చర్చి ఆవరణల్లో, ఒక సంఘం తర్వాత ఒక సంఘం వంతులవారీగా జరుగుతుంది. ఆ గోడల బయట ప్రచారం చేస్తే చట్టం ఒప్పుకోదు. కువైట్‌లో ఇంటి పనివాళ్ళకు వారానికి ఒక రోజు సెలవివ్వాలని 2015 చట్టం చెబుతుంది, కానీ నేను కలిసిన అక్కల్లో కొందరికి నెలకొకసారి కూడా బయటికి వచ్చే వీలు లేదు. వచ్చిన ఆ రెండు గంటల్లో వాళ్ళు ఆరాధన చేయాలి, ఇంటికి డబ్బు పంపాలి, పిల్లలతో ఫోన్ మాట్లాడాలి. అందులో మీరు రెండు గంటల ప్రసంగం పెట్టవద్దు. నేను అక్కడున్నప్పుడు ఒక్క వాక్యం కూడా చెప్పలేదు. మెట్ల దగ్గర కూర్చుని షుగరు, బీపీ, నడుం నొప్పి, ఇంటి దగ్గర భర్త సంగతులు విన్నాను. ఇదే పని మళ్ళీ చేయమంటే సంతోషంగా వెళ్తాను.

గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇక్కడి నుంచి వెళ్ళే కొందరు సేవకులు ఆ అక్కల చేతుల్లోని దినార్లు కానుకలుగా పోగుచేసుకుని వస్తారు. అలాంటి ట్రిప్‌లో మీరు భాగం కావద్దు. ఎవరైనా కానుక ఇస్తే అక్కడి సంఘానికే ఇచ్చి రండి. ప్రసంగించే పాస్టర్ల కంటే కౌన్సెలింగ్ తెలిసిన స్త్రీలు, నర్సులు, లేబర్ కేసులు, ఎంబసీ కాగితాలు తెలిసిన లాయర్లు అక్కడ ఎక్కువ ఉపయోగపడతారు.

అమెరికా నుంచి ఇక్కడికి వచ్చే తెలుగు పిల్లలకు

డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో తెలుగు సంఘాలు తమ పిల్లల్ని వీబీఎస్ (పిల్లల సెలవుల బైబిల్ స్కూలు) పెట్టడానికి మన ఊళ్ళకు తీసుకొస్తుంటాయి. వాళ్ళకు మనదే విదేశం. విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉంది కదా, మనది మన ఊరే కదా అనుకుంటారు. 2021 మార్చి 4 నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ కార్డుదారులు మిషనరీ పని చేయాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళు ఆరాధనకు హాజరు కావచ్చు కానీ ప్రసంగాలు చేయడం, కరపత్రాలు పంచడం కుదరదు. డబ్బు విషయంలోనూ జాగ్రత్త. ఓసీఐలు ఇచ్చే విరాళం విదేశీ విరాళం కిందికే వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని ట్రస్టుకు ఇస్తే ఇబ్బందుల్లో పడేది ఆ ట్రస్టే. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు బ్యాంకు ద్వారా పంపే డబ్బుకు ఈ చిక్కు లేదు.

ఈ పిల్లలకు నా సలహా ఇది. మైకు పట్టుకోకుండా నాయనమ్మ ఊళ్ళో మూడు వారాలు ఉండండి. తెలుగు బైబిల్ కూడబలుక్కుని చదవడం నేర్చుకోండి. ఊళ్ళో సండే స్కూల్‌లో వెనక బెంచీ మీద కూర్చోండి.

ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్ళవద్దనే ఒక ట్రిప్

అనాథాశ్రమంలో పిల్లలతో రెండు వారాలు గడిపే ట్రిప్‌లకు వెళ్ళవద్దు. నేపాల్‌లో అయినా, కంబోడియాలో అయినా, ఇంకెక్కడైనా సరే. అలాంటి హోముల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు. సందర్శకులు వచ్చి డబ్బిస్తారు కాబట్టి ఊళ్ళ నుంచి పిల్లల్ని తెచ్చి నింపే హోములు కూడా ఉన్నాయి. ఇది అక్రమ రవాణా కిందికే వస్తుందని ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు గుర్తించింది. హైతీలో 2010 భూకంపం తర్వాత అమెరికా నుంచి వెళ్ళిన పదిమంది బాప్టిస్టులు 33 మంది పిల్లల్ని కాగితాలు లేకుండా సరిహద్దు దాటించబోయి అరెస్టయ్యారు. ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారు. వాళ్ళ ఉద్దేశం చెడ్డదని నేను అనను. అయినా ఆ పిల్లలు అమ్మ నుంచి దూరం కాబోయారు.

అదీగాక, పదిహేను రోజులు ఎత్తుకుని తిప్పి వెళ్ళిపోయే అన్నలు, అక్కలు ఏటా మారుతుంటే ఆ పసివాడి మనసు ఏమవుతుంది? మీ ఇంట్లో పిల్లల గదిలోకి ముక్కూ ముఖం తెలియనివాళ్ళను రానిస్తారా? ఏ సంస్థతో వెళ్ళినా పిల్లల భద్రతకు రాసిపెట్టిన నియమాలు ఉన్నాయా అని అడగండి. పోలీసు వెరిఫికేషన్ అడగని సంస్థ మీ మీద నమ్మకంతో అడగలేదని అనుకోకండి.

డబ్బు, పని, పెద్దవాళ్ళు

"ఈ డబ్బంతా వాళ్ళకే పంపవచ్చు కదా" అని సంఘంలో ఎవరో ఒకరు అంటారు. ఆ ప్రశ్నను తోసేయకండి. అక్కడి పాస్టర్ గారినో ఆసుపత్రి సూపరింటెండెంట్‌నో నేరుగా అడగండి. ఈ టీమ్‌కు అయ్యే ఖర్చు మీకిస్తే ఏం చేస్తారు, మేం వస్తే ఏం ఉపయోగం అని. జవాబు చెప్పడానికి మొహమాటపడతారు, రెండుసార్లు అడగాలి. మాకు ఒక ఏడాది వచ్చిన జవాబు "రావద్దు, ఆశా కార్యకర్తలాంటి ఒక అమ్మాయికి జీతం ఇవ్వండి" అని. ఆ ఏడాది మేం వెళ్ళలేదు.

గోడలు కట్టడం, రంగులు వేయడం లాంటి ట్రిప్‌లకు కూడా ఇదే లెక్క. అక్కడ పనిలేక కూర్చున్న మేస్త్రీ ఉంటే మీరు తాపీ పట్టుకోవద్దు. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవాళ్ళకు అక్కడ కూలి పని ఇచ్చారు. ఆ కూలి డబ్బు చేతికి వచ్చింది మన పెద్దలకే.

అమ్మాయిల్ని పంపే తల్లిదండ్రులకు ఒక మాట. టీమ్‌లో అనుభవమున్న ఒక పెద్దావిడ లేకపోతే పంపవద్దు. బస ఎక్కడ, గదులు ఎలా, రాత్రి ప్రయాణాలు ఉన్నాయా, హాస్పిటల్ ఖర్చుకూ అత్యవసరంగా కొండ మీది నుంచి దించడానికీ ఇన్సూరెన్స్ ఉందా అని అడిగితే విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే పట్టించుకోకండి. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కచూసుకుంటాడని చెప్పింది ప్రభువే. పోయిన ఏడాది వెళ్ళిన టీమ్‌లో ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకుని మాట్లాడండి. వీలైతే టీమ్ సభ్యులతో కాక, వాళ్ళు వెళ్ళిన చోట ఉన్న ఒకరితో మాట్లాడండి.

ఆ అబ్బాయి విషయానికొస్తే, మూడు కాగితాలూ టేబుల్ మీద పెట్టి ఆ రెండు ప్రశ్నలూ వేశాను. ఓడకు రెండేళ్ళు ఇవ్వలేనన్నాడు, చెల్లి పెళ్ళి ఉంది. శిక్షణ స్కూలు విషయంలో "నాకోసం వెళ్తున్నట్టుంది" అని తనే అన్నాడు. నేపాల్ టీమ్‌లో ఏం పని అని అడిగితే చెప్పలేకపోయాడు. అప్పుడు మేం వెళ్ళే ఊరి పాస్టర్ గారికి అక్కడే కూర్చుని ఫోన్ చేశాం. మీ ఊళ్ళో ఏం అవసరం అని ఆ అబ్బాయే హిందీలో అడిగాడు. స్వాస్థ్య చౌకీలో, అంటే ఊరి ఆరోగ్య కేంద్రంలో, సోలార్ బ్యాటరీలు పనిచేయడం లేదని, టీకాల ఫ్రిజ్ ఆగిపోతోందని ఆయన చెప్పారు.

నవంబరులో మా టీమ్‌తో వెళ్ళాడు. పన్నెండు రోజుల్లో ఎనిమిది రోజులు ఆ చౌకీ పైకప్పు మీదే ఉన్నాడు. అక్కడి ఇద్దరు కుర్రాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని వైర్లు కలపడం నేర్పాడు. వచ్చేముందు ప్రతి వైరుకూ నేపాలీలో చీటీ రాయించి అంటించాడు. ఆ చౌకీలోనే మా ముసలమ్మ పేరు ఇప్పుడు రిజిస్టరులో ఉంది. ప్రతి నెలా వచ్చి బీపీ మాత్రలు తీసుకుంటుంది. మొన్న పండుగ రోజుల్లో ఫ్రిజ్ మళ్ళీ ఆగిపోతే ఆ కుర్రాళ్ళిద్దరే బాగుచేసుకున్నారట. ఆ సంగతి మాకు వారం తర్వాత తెలిసింది.